పాత లేజరు ముద్రణ యంత్రము: అచ్చు దోషములు, వాని పరీక్ష

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము చేయునప్పుడు పుస్తకముల సంఖ్యను, చదువరుల సంఖ్యను, దాతల ఔదార్యమును స్మరించుట ఆచారము. ఆ స్మరణము యుక్తమే. కాని నేటి పల్లె గ్రంథాలయములలో పెక్కింట, పుస్తకముల బీరువాల ప్రక్కన, ఒక మూల బల్లపై, గుడ్డ కప్పుకొని కూర్చున్న సేవకుడొకడు కలడు. వానిని స్మరించువారరుదు. ఆ సేవకుడే పాత లేజరు ముద్రణ యంత్రము. అందరి నోటను ప్రింటరు.

ఈ యంత్రము చాలవరకు క్రొత్తగా కొన్నది కాదు. పట్టణములో ఏదో కార్యాలయము క్రొత్తదానిని కొనుక్కొని పాతదానిని ఇచ్చివేయగా, ఊరివారెవరో బస్సులో వేసికొని తెచ్చినదై యుండును. తెచ్చిననాడు చక్కగా అచ్చువేయును. కొన్ని నెలలు గడచుసరికి అక్షరములు పలుచబడును. కాగితము నడుమ తెల్లని చార దిగును. అంచున నల్లని గీత పడును. తెల్లగా నుండవలసిన చోట బూడిద చల్లినట్లుండును. అప్పుడు చూచినవారందరును ఒకే మాట అందురు: “దీని పని అయిపోయినది.” ఆ మాట నిజమగుట అరుదు. వైద్యుడు నాడి చూడక మందిచ్చినచో రోగమొకటి, మందొకటి అగును. యంత్రము విషయమునను అంతే. అచ్చులోని దోషము యంత్రము వ్రాసిన లేఖ వంటిది. దానిని చదువనేర్చినవారికి ఏ భాగము చెడినదో, ఏ భాగము చెడలేదో అదియే చెప్పును. ఈ ఉపన్యాసము యొక్క సారమింతయే.

అక్షరమునకు కలుగు హాని

అచ్చు కొంచెము మసకగా నున్న నేమి, చదువుటకు వీలుగా నున్నది కదా యని కొందరు తలతురు. తెలుగు అక్షరముల విషయమున ఆ తలపు ప్రమాదకరము. దకారమునకు, ధకారమునకు భేదము అడుగున నున్న చిన్న గీత మాత్రమే. పకారమునకు ఫకారమునకును, చకారమునకు ఛకారమునకును అట్లే. పొడి చాలక అచ్చు పలుచబడినపుడు మొదట మాయమగునది ఆ చిన్న గీతయే. అప్పుడు ఫలము పలమగును, ధనము దనమగును. తలకట్టు పోయినను, ఒత్తు పోయినను మాట మారిపోవును.

అంకెల సంగతి ఇంకను కఠినము. కాగితముపై నిలువుగా దిగిన సన్నని తెల్లచార ఎనిమిది అంకె యొక్క ఎడమ అంచుపై పడినచో, మిగిలినది మూడు అంకెవలె కనిపించును. ఆ కాగితము రైతు చేతిలోని అడంగలు నకలు కావచ్చును. విద్యార్థిని హాల్‌టికెట్టు కావచ్చును. పింఛను కొరకు ఒక వృద్ధురాలు పట్టుకొనిపోవు పత్రము కావచ్చును. సర్వే నంబరులో ఒక అంకె మారినచో ఎవరి పొలము ఎవరిదగును? హాల్‌టికెట్టుపై ఛాయాచిత్రము నల్లని ముద్దయైనచో పరీక్షాధికారి ఏమి చూచి లోపలికి పంపును? కావున ఈ యంత్రమును బాగుగా నుంచుట ముచ్చట కొరకు చేయు పని కాదు. పుస్తకమున చినిగిన పుటను అతికించుట గ్రంథాలయమునకు ఎంత ధర్మమో ఇదియు నంతే.

పొడితో వ్రాత పుట్టిన విధము

దోషమును గుర్తించుటకు ముందు యంత్రము పనిచేయు విధము తెలిసికొనవలెను. దానికి దాని పుట్టుకను తెలిసికొనుట సులభమైన మార్గము.

అమెరికాలో చెస్టరు కార్ల్‌సన్ అను నతడు పేటెంటు వ్యవహారములు చూచు ఉద్యోగి. పేటెంటు పత్రములకు నకళ్లు వ్రాయుట అతనికి నిత్యము ప్రాణసంకటము. అతనికి కీళ్లవాతము, చూపును అంతంత మాత్రమే. తడి సిరా లేకుండ, విద్యుత్తుతోను, వెలుతురుతోను నకలు తీయరాదా యని అతడు యోచించెను. 1938 వ సంవత్సరము అక్టోబరు 22 వ తేదీన న్యూయార్కు నగరములోని ఆస్టోరియా యను చోట, ఆటో కార్నై యను సహాయకునితో కలిసి ఆ యోచనను సఫలము చేసెను. జింకు రేకుపై గంధకము పూసి, గుడ్డతో రుద్ది, దానికి విద్యుదావేశము కలిగించిరి. గాజు పలకపై నాటి తేదీని, ఊరి పేరును సిరాతో వ్రాసి, దానిని రేకుపై నుంచి దీపపు వెలుగు ప్రసరింపజేసిరి. వెలుగు తగిలిన చోట ఆవేశము పోయెను. అక్షరముల నీడ పడిన చోట నిలిచెను. లైకోపోడియమను మొక్క యొక్క సన్నని పొడిని చల్లి ఊదగా, పొడి అక్షరముల ఆకారముననే నిలిచెను. మైనపు కాగితమును అదిమి ఆ పొడిని ఎత్తుకొనిరి. పొడి నకలు అట్లు పుట్టినది. తరువాత దానికి గ్రీకు భాష నుండి “జిరోగ్రఫీ” యను పేరు పెట్టిరి. “పొడి వ్రాత” యని దాని యర్థము. 1959 లో జిరాక్స్ 914 అను యంత్రము వెలువడిన పిమ్మట ఈ పద్ధతి కార్యాలయములందంతట వ్యాపించినది. పల్లెలలో నకలు తీయుటనే “జిరాక్సు తీయుట” అనుచుండుట అందరు నెరిగినదే.

దీపమునకు బదులు లేజరు కిరణముతో అక్షరమును వ్రాయవచ్చునని గారీ స్టార్క్‌వెదర్ అను శాస్త్రజ్ఞుడు ఆ సంస్థలోనే పనిచేయుచు నిరూపించెను. 1971 లో అతడు పాలో ఆల్టో పరిశోధనాలయమునకు మారి అచ్చట ఈ యంత్రమును నిర్మించెను. 1984 లో హ్యూలెట్ ప్యాకార్డు సంస్థ, కేనన్ సంస్థ నిర్మించిన యంత్రభాగముతో, బల్లపై నిలుచు లేజర్‌జెట్టును విక్రయమునకు తెచ్చినది. అది అంగుళమునకు 300 చుక్కలు వేయునది. అనగా ఒక్కొక్క చుక్క మిల్లీమీటరులో పదవవంతు కన్న చిన్నది. మన దేశమున నెట్ సెంటరులలోను, చిన్న కార్యాలయములలోను విరివిగా చేరిన హెచ్.పి. లేజర్‌జెట్ 1020, కేనన్ ఎల్.బి.పి. 2900 అనునవి ఆ కుటుంబములోనివే. వయస్సు మీరినను అవి నేటికిని అనేక స్థలములలో పనిచేయుచునే యున్నవి.

ఒక్క మాట జ్ఞాపకముంచుకొనదగినది. తాటాకుపై గంటముతో గీసిన అక్షరము కంటికి కనబడుటకు పూర్వులు మసి పూసెడివారు. లేజరు యంత్రములోని నల్లని పొడియు మసియే. ప్లాస్టిక్కు జిగురులో మసిని కలిపి, తల వెండ్రుకకంటెను ఎంతో సన్నని రేణువులుగా చేసినదే టోనరు. ఇట్టి చిన్న యంత్రముల టోనరులో అయస్కాంతమునకు అంటుకొను ఇనుప భస్మమును ఉండును.

యంత్రము చేయు ఆరు పనులు

కార్ట్రిడ్జిలో పచ్చగానో నీలిగానో మెరయు గొట్టము కనబడును. అదియే డ్రమ్ము. అది అల్యూమినియపు గొట్టము. దానిపై వెలుతురు తగిలిన విద్యుత్తును వదలివేయు సన్నని పూత కలదు. ఒక్కొక్క కాగితమునకు ఈ క్రింది ఆరు పనులు వరుసగా జరుగును.

మొదటిది ఆవేశము. నల్లని రబ్బరు రోలరు డ్రమ్మునంతటిని సమానముగా విద్యుదావేశముతో నింపును. పూర్వపు యంత్రములలో ఈ పని సన్నని తీగ చేయును.

రెండవది వ్రాత. లేజరు కిరణము గిరగిర తిరుగు అద్దము నుండి ప్రతిఫలించి, అక్షరములుండవలసిన చోట్ల డ్రమ్మును తాకును. అచ్చట ఆవేశము తగ్గును.

మూడవది పొడి పట్టుట. అయస్కాంతపు రోలరు టోనరును పలుచగా మోసికొని వచ్చును. ఒక సన్నని బ్లేడు ఆ పొర మందమును సరిచేయును. లేజరు తాకిన చోట మాత్రమే పొడి డ్రమ్మునకు దుముకును.

నాలుగవది బదిలీ. స్పంజి వంటి ట్రాన్స్‌ఫర్ రోలరు కాగితము వెనుక నుండి పొడిని డ్రమ్ము మీదినుండి కాగితము మీదికి లాగును.

ఐదవది స్థిరపరచుట. ఫ్యూజరు అను భాగము సుమారు రెండువందల డిగ్రీల వేడితోను, ఒత్తిడితోను పొడిని కరగించి కాగితమునకు అంటించును.

ఆరవది శుద్ధి. డ్రమ్ముపై మిగిలిన పొడిని రబ్బరు బ్లేడు గీకి వ్యర్థపు అరలో పడవేయును. డ్రమ్ము మరల మొదటి పనికి సిద్ధమగును.

ఈ ఆరింటిలో ఏది తప్పినను దానికి తగిన గుర్తు కాగితముపై పడును. ఒక పని చేయవలసిన తప్పును మరియొక పని చేయజాలదు. ఇందువలననే దోషమును చదువుట సాధ్యమగుచున్నది.

యంత్రమును తెరువక ముందు

తొందరపడి మూత తెరువరాదు. ముందు మూడు సంగతులు విచారింపవలెను.

మొదటిది, దోషము యంత్రమునదా, మూలమునదా? చరవాణిలో తీసిన ఛాయాచిత్రమును వాట్సాప్‌లో పంపి, దానినే అచ్చువేయుమనువారు మెండు. అట్టి చిత్రము చిన్నదిగా మారియే చేరును. అక్షరము అచ్చటనే చెడియుండగా ప్రింటరును నిందించి ఫలమేమి? కంప్యూటరులో స్వయముగా నాలుగు పంక్తులు టైపుచేసి అచ్చువేసి చూడవలెను. అవి స్పష్టముగా వచ్చినచో యంత్రము నిర్దోషి. పెక్కు ప్రింటరులకు తమంతట తాము వేయు పరీక్షా పుటయు ఉండును.

రెండవది, పొదుపు అమరిక. టోనరును తక్కువగా వాడు “ఎకనమీ” యను అమరికను ఎవరో పెట్టి మరచియుందురు. అచ్చు అంతటను సమానముగా పలుచబడియున్నచో ముందు దీనిని చూడవలెను. ఒక్క పైసా వ్యయము లేక దోషము పోవచ్చును.

మూడవది కాగితము. తీరప్రాంతపు పల్లెలలో వర్షాకాలమున విప్పియుంచిన కాగితము గాలిలోని తేమను పీల్చును. తేమ కాగితము విద్యుత్తును నిలుపుకొనలేదు. పొడి సరిగా బదిలీ కాక మచ్చలు మచ్చలుగా అచ్చుపడును. ఫ్యూజరు వేడియు ఆ తేమను ఎండించుటకే వ్యయమగును. కావున 500 కాగితముల కట్టను దాని పైకాగితముతోనే చుట్టి, నేలపై గాక బీరువాలో నుంచవలెను. అచ్చు మచ్చలుగా వచ్చినపుడు క్రొత్త కట్ట విప్పి ఒక కాగితము వేసి చూచిన చాలును. వెనుకవైపు వాడదలచిన పాత కాగితములలో పిన్నులు లేకుండ చూచుకొనవలెను. ఒక్క పిన్ను లోపలికి పోయినచో డ్రమ్మును శాశ్వతముగా గీయగలదు.

దోషముల భాష

ఈ మూడు విచారించిన తరువాతను దోషము పోనిచో కాగితమును వెలుతురులో పట్టుకొని శ్రద్ధగా చూడవలెను.

అచ్చు అంతయు పలుచనై, లేదా నడుమ వెడల్పుగా ఒక పట్టీ మాత్రము పలుచనై యున్నచో సామాన్యముగా పొడి తగ్గినదని యర్థము. కార్ట్రిడ్జిని వెలుపలికి తీసి, రెండు చేతులతో అడ్డముగా పట్టుకొని, మెల్లగా ఇటునటు ఐదారుసార్లు ఊపి మరల పెట్టవలెను. ఒక ప్రక్కకు చేరిన పొడి సమముగా సర్దుకొనును. బాగుపడినచో పొడి అయిపోవచ్చినదని రూఢియగును. కొంతకాలము నడచును, ఈలోపల క్రొత్తది సిద్ధపరచుకొనవచ్చును.

సన్నని తెల్లచార ప్రతి కాగితముపై ఒకే చోట పై నుండి క్రిందికి దిగినచో రెండు కారణములుండవచ్చును. పొడి పొరను సరిచేయు బ్లేడు కడ పొడి గడ్డకట్టి అడ్డుపడియుండవచ్చును. లేక లేజరు వచ్చు దారిలో అద్దముపై దుమ్ము పడియుండవచ్చును. మొదటి దానిలో చార అంచులు కత్తితో కోసినట్లు తీరుగా నుండును. రెండవ దానిలో మసకగా కరగినట్లుండును. సందేహమైనచో మరియొక మంచి కార్ట్రిడ్జిని పెట్టి చూడవలెను. చార పోయినచో దోషము కార్ట్రిడ్జిది, నిలిచినచో యంత్రముది.

సన్నని నల్లగీత నిలువుగా పడినచో డ్రమ్ము గీసుకొనిపోయినదనియో, శుద్ధిచేయు బ్లేడు అంచు ఒక చోట దెబ్బతిన్నదనియో తెలియవలెను. ఆరవ పని ఆ ఒక్క చోట జరుగుట లేదన్నమాట.

తెల్లని నేలయంతయు బూడిదరంగు పట్టినచో డ్రమ్ము అరిగినదనియో, ఆవేశమిచ్చు రోలరు మురికిపట్టినదనియో, రీఫిల్లింగులో ఆ యంత్రమునకు తగని పొడి పోసిరనియో ఊహింపవలెను.

అచ్చు బొటనవ్రేలితో రుద్దిన చెదరి చేతికంటినచో దోషము ఐదవ పనిలో నున్నది. కాగితము మందమైనదై యుండి, కంప్యూటరులో సాధారణ కాగితమని చెప్పియున్నచో వేడి చాలదు. ముందు ఆ అమరికను మార్చి చూడవలెను. పలుచని కాగితముపైనను చెదరినచో ఫ్యూజరును మెకానిక్కునకు చూపవలెను. ఇచ్చట కార్ట్రిడ్జి మార్చుట వృథా వ్యయము.

ఇక రెండు వింతలు. కాగితము పూర్తిగా నల్లనై వచ్చినచో చూచినవారు పొడి ఎక్కువైనదని భ్రమపడుదురు. నిజమునకు మొదటి పని జరుగలేదు. ఆవేశము లేని చోటెల్ల పొడి అంటును గనుక డ్రమ్మంతయు నల్లబడినది. ఆవేశమిచ్చు రోలరునకు విద్యుత్తు అందుట లేదని తెలిసికొనవలెను. కాగితము పూర్తిగా తెల్లనై వచ్చినచో లేజరు డ్రమ్మును చేరలేదనియో, పొడి లేదనియో, పొడి డ్రమ్మునుండి కాగితమునకు బదిలీ కాలేదనియో యర్థము. క్రొత్త కార్ట్రిడ్జి పెట్టిన వెంటనే ఇట్లయినచో, లాగివేయవలసిన ప్లాస్టిక్కు పట్టీని ఎవరును లాగలేదేమో ముందు చూడవలెను. ఇది నవ్వు పుట్టించు కారణమేగాని తరచుగా జరుగునదే.

కొలబద్దయు, సగములో ఆపుటయు

దోషమును పట్టుటకు ఖరీదైన పరికరములక్కరలేదు. బడిపిల్లవాని కొలబద్ద చాలును.

కాగితముపై ఒకే విధమైన మచ్చ సమాన దూరములలో మరల మరల పడినచో, అది గుండ్రముగా తిరుగు ఏదో భాగముపై నున్న గాయము. ఆ భాగము ఒక్క చుట్టు తిరిగినప్పుడెల్ల ఒక మచ్చ పడును. మచ్చకును మచ్చకును నడుమ దూరమును మిల్లీమీటరులలో కొలిచి 3.14 చే భాగించిన ఆ భాగము యొక్క వ్యాసము వచ్చును. ఇట్టి చిన్న యంత్రములలో 24 మిల్లీమీటరుల డ్రమ్ము సామాన్యము; దాని చుట్టుకొలత సుమారు 75 మిల్లీమీటరులు. కావున 75 మిల్లీమీటరుల కొకసారి మచ్చ పడినచో తప్పు డ్రమ్ముదే. ఏ-4 కాగితమున అట్టి మచ్చ సుమారు నాలుగుసార్లు కనిపించును. డ్రమ్ము వ్యాసము 30 మిల్లీమీటరులైన యంత్రములలో ఆ దూరము 94 మిల్లీమీటరులగును. మచ్చలు ఇంతకంటె దగ్గరగా నున్నచో చిన్న రోలరులలో ఒకటి కారణము. ఎనిమిదవ తరగతి పిల్లవాడు నేర్చిన వృత్తపరిధి సూత్రము ఇచ్చట వందల రూపాయల వ్యయమును తప్పింపగలదు.

రెండవ పరీక్ష సగములో ఆపి చూచుట. కాగితము యంత్రములో సగము దూరము పోయినపుడు ముందరి మూతను తెరువవలెను. యంత్రము నిలిచిపోవును. వెంటనే విద్యుత్తును ఆపి, కార్ట్రిడ్జిని తీసి, వెలుతురు తక్కువగా నున్న చోట డ్రమ్మును ఒక్క క్షణము చూడవలెను. డ్రమ్ముపై నున్న పొడి అక్షరములు చక్కగా నున్నవా? అట్లైనచో మొదటి మూడు పనులు సక్రమముగా జరిగినవి. దోషము బదిలీలోనో, ఫ్యూజరులోనో యున్నది. డ్రమ్ముపైననే అక్షరము చెడియున్నదా? అట్లైనచో దోషము అంతకు ముందే పుట్టినది. కాగితమును జాగ్రత్తగా వెలుపలికి లాగి, ఫ్యూజరును చేరని భాగమును, చేరిన భాగమును పోల్చి చూచినచో మూడవ సాక్ష్యమును లభించును. చెరువునుండి పొలమునకు నీరు రానపుడు కాలువ వెంట నడచి ఎచ్చట గండి పడినదో చూచినట్లే ఇదియును.

రీఫిల్లింగును గూర్చి

హెచ్.పి. 1020 లో వాడు 12ఏ కార్ట్రిడ్జి, కాగితములో నూటికి ఐదువంతులు మాత్రమే నల్లగా నుండు లెక్కన, రెండువేల పుటల వరకు వచ్చునని తయారీదారులు తెలిపియున్నారు. ఛాయాచిత్రములు, పట్టికలు ఎక్కువగా వేసినచో అంత రాదు. ఈ కార్ట్రిడ్జిలో పొడి మాత్రమే గాక డ్రమ్మును, బ్లేడులును, ఆవేశపు రోలరును కూడ ఉన్నవి. అనగా దీనిని మార్చినచో చెప్పిన ఆరు పనులలో అధిక భాగము క్రొత్తదగును. కావుననే మంచి కార్ట్రిడ్జి నొకదానిని పరీక్ష కొరకు దాచియుంచుకొనుట మేలు.

క్రొత్తది కొను స్థోమత లేని గ్రంథాలయములు పొడి నింపించుకొనుచున్నవి. ఆ పని తప్పు కాదు. కాని పొడి మాత్రము నింపి పంపినచో అరిగిన డ్రమ్మునకు క్రొత్త యవ్వనము రాదు. దుకాణమునకు పోవునప్పుడు మూడు మాటలు చెప్పవలెను: ఈ యంత్రమునకు తగిన పొడినే పోయవలెను, వ్యర్థపు అరను ఖాళీ చేయవలెను, డ్రమ్మును, శుద్ధిచేయు బ్లేడును చూచి అరిగియున్నచో మార్చవలెను. వ్యర్థపు అర నిండియుండగా పొడి నింపినచో అది పొర్లి యంత్రమంతయు నల్లబరచును. అన్నిటికంటె ముఖ్యముగా, చెడిన కాగితమును వెంట తీసికొనిపోయి చూపవలెను. “ప్రింటు బాగా రావడం లేదు” అను మాటకంటె ఆ కాగితము వేయిరెట్లు స్పష్టముగా మాట్లాడును.

చేయరాని పనులు

కొన్ని నిషేధములు చెప్పక తీరదు. డ్రమ్మును వ్రేలితో తాకరాదు, ఎండలో నుంచరాదు. వెలుతురు దాని పూతకు హాని చేయును. వ్రేలి జిడ్డు మచ్చగా నిలిచిపోవును. కార్ట్రిడ్జి వెలుపల నుండవలసివచ్చినచో నల్లగుడ్డ కప్పవలెను. పనిచేసి ఆగిన యంత్రములో ఫ్యూజరు కాలుచుండును. చల్లారువరకు చేయి పెట్టరాదు. మూత తెరచియుండగా పనిచేయునట్లు మీటలను మాయచేయరాదు. ఏలన లోపలి లేజరు కంటికి కనబడని కిరణము. కనబడదు గనుకనే మరింత ప్రమాదకరము.

పొడి ఒలికినచో పొడిగుడ్డతోనో, చల్లని నీట తడిపిన గుడ్డతోనో తుడువవలెను. బట్టలపై పడినచో చల్లని నీటితోనే కడుగవలెను. వేడినీరు పోసినచో పొడి కరగి బట్టకు శాశ్వతముగా అంటును. ఇంటిలో వాడు వాక్యూమ్ క్లీనరుతో దీనిని పీల్చరాదు. అంత సన్నని పొడి దాని సంచిలో నిలువక గదియంతయు చెదరును. నోటితో ఊదుటయు మంచిది కాదు. లోపల శుభ్రపరచుటకు నూగు రాలని పొడిగుడ్డ చాలును. ట్రాన్స్‌ఫర్ రోలరు స్పంజిని చేతితో నొక్కరాదు. లేజరు అద్దము సులభముగా అందనిచో దానిని మెకానిక్కునకు వదలుట వివేకము.

గ్రంథాలయము చేయవలసినది

పుస్తకములకు జమా పుస్తకమున్నట్లు యంత్రమునకును ఒక నోటుపుస్తకముండవలెను. క్రొత్త పొడి నింపిన దినమున ఒక పరీక్షా పుటను అచ్చువేసి, తేదీ వ్రాసి, అందులో అతికింపవలెను. ఆ పుటలో ద, ధ, ప, ఫ, చ, ఛ జంటలును, సున్న నుండి తొమ్మిది వరకు అంకెలును, ఒక నల్లని చతురస్రమును ఉండవలెను. అనుమానము కలిగిననాడు అదే పుటను మరల అచ్చువేసి ప్రక్కన పెట్టి చూచినచో, దోషము ఎప్పుడు ప్రారంభమైనదో, ఎంత పెరిగినదో కంటికి కనిపించును. ఏ దోషమునకు ఏమి చేసిరో, ఎంత వ్యయమైనదో రెండు పంక్తులు వ్రాసియుంచినచో, తరువాత వచ్చు గ్రంథపాలకుడు మొదటినుండి నేర్చుకొనవలసిన పని యుండదు.

ముఖ్యమైన పత్రమును ఇచ్చునప్పుడు అంకెలను ఒక్కసారి తెరమీది అంకెలతో పోల్చి చూచి ఇచ్చుట ఆచారముగా పెట్టుకొనవలెను. అందుకు అరనిమిషము చాలును. చదువురాని వృద్ధురాలు ఆ కాగితమును నమ్మి మడిచి కొంగున ముడివేసికొని పోవును. అందులో తప్పున్నదో లేదో ఆమె చూడజాలదు. ఆమెకు బదులుగా చూడవలసినది గ్రంథాలయమే.

ఏ యంత్రమునకును కాలము తీరుట ఉండును. విడిభాగములు దొరకని దినము వచ్చును. అప్పుడు దానిని గౌరవముతో తొలగించి, విద్యుత్పరికరముల వ్యర్థములను స్వీకరించు వారికి అప్పగింపవలెనే గాని చెత్తకుప్పపై పడవేయరాదు. కాని ఆ దినము వచ్చినదని నిర్ణయించుటకు ముందు కాగితమును వెలుతురులో పట్టి చూచుట, కొలబద్దతో కొలుచుట, సగములో ఆపి చూచుట అను మూడు పరీక్షలును జరిగియుండవలెను. పరీక్షింపక విధించిన శిక్ష మనుష్యునకైనను, యంత్రమునకైనను అన్యాయమే.

రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము ఇకముందును చదువవచ్చినవారికి మంచి పుస్తకమును, పని మీద వచ్చినవారికి తప్పులేని కాగితమును అందించుచు వర్ధిల్లుగాక!